పదిహేడేళ్ల ఆడ గుర్రాన్ని ఏ మగ గుర్రంతో దాటించాలి?

ప్రశ్న: మా ఇంట్లోనే పుట్టి పెరిగిన మార్వాడి జాతి ఆడ గుర్రానికి ఇప్పుడు 17 ఏళ్లు. రెండు ఈతలు ఈనింది. చివరి ఈత జరిగి ఎనిమిదేళ్లయింది. దాని పోలికతో ఇంకొక పిల్ల కావాలని ఇంటిల్లిపాదీ ఆశపడుతున్నాం. హొసకోట వైపు 12 ఏళ్ల మగ గుర్రం ఉంది. ఎత్తు తక్కువే కానీ ఏటా దాని పిల్లలు పుడుతున్నాయి. మా ఊరికి దగ్గరలో నాలుగేళ్ల గుర్రం మరొకటి ఉంది. మంచి ఎత్తరి, సుడులు బాగున్నాయి, ఇంతవరకు దాటలేదు. ఎత్తైన దానితో దాటిస్తే ఈత కష్టమవుతుందా? దేన్ని ఎంచుకోమంటారు?
– ఒక రైతు, దేవనహళ్ళి

జవాబు: నేను హొసకోట గుర్రం వైపే మొగ్గుతాను. అయితే ఎత్తు విషయంలో మీకున్న భయం దానికి కారణం కాదు. 1938లో కేంబ్రిడ్జ్‌లో వాల్టన్, హామండ్ అనే శాస్త్రవేత్తలు భారీకాయమైన షైర్ జాతినీ, పొట్టి షెట్లాండ్ జాతినీ అటూ ఇటూ సంకరం చేసి చూసినప్పుడు, షెట్లాండ్ తల్లికి షైర్ తండ్రి వల్ల పుట్టిన పిల్ల కూడా తల్లి గర్భకోశానికి తగ్గ పరిమాణంలోనే పుట్టింది. తండ్రి ఎత్తు పిల్లలో కనిపించేది చాలావరకు పుట్టిన తరువాతే.

అసలు సంగతి మీ గుర్రం వయసు. దాటిన ప్రతిసారీ వీర్యంతో పాటు కొంత మురికి, సూక్ష్మక్రిములు గర్భకోశంలోకి చేరి వాపు కలిగిస్తాయి. వయసులో ఉన్న గుర్రం దాన్నంతా ఒకటి రెండు రోజుల్లో బయటికి నెట్టేస్తుంది; ముసలి గుర్రపు గర్భకోశం కిందికి జారి, కండరాల పట్టు తగ్గి ఉండటం వల్ల వాపు వల్ల ఊరిన నీరు లోపలే నిలిచిపోతుంది, ఆరో రోజుకల్లా గర్భకోశంలోకి దిగే పిండం అందులో బతకదు. కాబట్టి ఒక ఎదలో ఒక్కసారి, తప్పనిసరైతే రెండుసార్లు దాటించి పని ముగించాలి. అందుకు వీర్యం మీద నమ్మకం ఉండాలి. నాలుగేళ్ల గుర్రం వీర్యం మేలైనదే కావచ్చు గాని, ఆ సంగతి తేల్చుకోవడానికి మీ ముసలి గుర్రాన్ని వాడుకోకండి. యజమాని ఒప్పుకుంటే రెండు గుర్రాల వీర్యాన్నీ సూక్ష్మదర్శినిలో చూపించండి. నూటికి అరవైకి పైగా కణాలు ముందుకు ఈదుతూ ఉంటే సంతృప్తికరం. కృత్రిమ గర్భధారణకు వాడే గడ్డకట్టించిన వీర్యం మాత్రం మీకు వద్దు. అండం విడుదలయ్యే వేళకు గంటల లెక్కన అందించాల్సిన ఆ వీర్యంతో ముసలి గుర్రాలు చూలు కట్టడం మరీ తక్కువ.

సుడులు గుర్రం ధరను పెంచుతాయేమో గాని పిల్లను ఇవ్వవు. వాటికి బదులు పై పళ్ళు కింది పళ్ళ కంటే ముందుకు పొడుచుకొచ్చాయా, రెండు వృషణాలూ కిందికి దిగాయా అన్నవి చూడండి. ఈ లోపాలు పిల్లలకూ వస్తాయి. మీ గుర్రం ఇంట్లోనే పుట్టింది కనుక దాని తండ్రి, తాత ఎవరో గుర్తు చేసుకుని, హొసకోట గుర్రానికి దగ్గర చుట్టరికం లేదని నిర్ధారించుకోండి. గ్లాండర్స్, ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ ఎనీమియా అనే అంటువ్యాధుల రక్తపరీక్ష మీ గుర్రానికీ, మగ గుర్రానికీ చేయించండి. గ్లాండర్స్ మనుషులకు కూడా సోకుతుంది. అది తేలిన గుర్రాన్ని చంపివేయడం తప్ప వేరే దారి ఉండదు.

మగ గుర్రంతో మాట్లాడుకునే ముందే మీ గుర్రం వెనుక జాగ్రత్తగా, కాస్త పక్కగా నిలబడి, తోక ఎత్తి చూడండి. యోని పెదవులు నిలువుగా, గట్టిగా మూసుకుని ఉండాలి. మలద్వారం లోపలికి కుంగి, పెదవుల పై భాగం దాని వైపు వాలి ఉంటే, పేడ జారి అక్కడే పడుతుంది. నడిచేటప్పుడు గాలి పీల్చిన చప్పుడు కూడా వినిపించవచ్చు. అలా ఉంటే పై భాగాన్ని కుట్టే చిన్న శస్త్రచికిత్స అవసరమవుతుంది. హెబ్బాళ పశువైద్య కళాశాల మీకు దూరం కాదు. అక్కడి వైద్యులను సంప్రదించి స్కానింగ్, గర్భకోశపు ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించండి. ముక్క పరీక్షలో మూడో తరగతి, అంటే గర్భకోశం బాగా దెబ్బతిన్నది అని వస్తే, బతికిన పిల్ల చేతికందే అవకాశం నూటికి పదికి మించదు.

అంతా బాగుంటే, ఎద అయిదు నుంచి ఏడు రోజులుంటుంది కనుక, స్కానింగ్‌లో అండపు బుడగ 35 మిల్లీమీటర్లు దాటాక దాటించండి. మరునాడు మళ్ళీ స్కానింగ్ చేయించి, నీరు కనిపిస్తే గర్భకోశం ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు ఇవ్వడం, కడగడం వైద్యుడికే వదలండి. కవలలున్నాయేమో 14 నుంచి 16వ రోజు లోపల తప్పక చూడాలి. గుర్రానికి కవలలు దాదాపుగా నిలవవు.

ఒక మాట దాచకూడదు: ముసలి గుర్రాలకు ఈత సమయంలో గర్భకోశపు రక్తనాళం చిట్లి ప్రాణం మీదికి రావడం అరుదుగా జరుగుతుంది. పదకొండు నెలల మోతా తేలికైనది కాదు. ఆ ప్రమాదానికి మీ మనసు ఒప్పకపోయినా, పరీక్ష ఫలితం బాగా లేకపోయినా, ఇదివరకు పుట్టిన రెండు పిల్లల్లో ఆడది ఉంటే దాన్నే దాటించి తల్లి పోలికను నిలుపుకోవచ్చు. అప్పుడు కూడా హొసకోట గుర్రమే మంచిది; ఆ ఆడపిల్ల తండ్రి ఆ హొసకోట గుర్రమే కాదని మాత్రం ముందుగా కనుక్కోండి.