కంపెనీ మనిషి కథ రాస్తున్న తమ్ముడికి

నెల్లూరు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన సినిమా స్క్రిప్టు 140 పేజీలూ చదివాను. రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్‌లో చూపించే ఆప్ పెట్టి, కోట్లకెదిగి, చివరికి భాగస్తుడితోనూ రైతులతోనూ కోర్టుకెక్కిన మనిషి కథ. సరుకు గట్టిదే. కానీ మొదటి 38 పేజీలు బడి, సైకిలు, అమ్మ తాకట్టు పెట్టిన గాజులు. అవన్నీ తీసెయ్. ఆ గాజులు ఇప్పటికే నూరు సినిమాల్లో తాకట్టులో ఉన్నాయి.

2010లో వచ్చిన ‘ది సోషల్ నెట్‌వర్క్’ మళ్లీ పెట్టుకో, ఈసారి పెన్ను చేతబట్టుకుని. ఫేస్‌బుక్ పెట్టిన మార్క్ జుకర్‌బర్గ్ కథ అది. అతని బాల్యం ఒక్క షాట్‌లో కూడా ఉండదు. 2003లో ఒక రాత్రి, బార్‌లో ఒక బల్ల, అతనూ అతని ప్రియురాలూ మాట్లాడుకునే మాటలు, అంతటితో మొదలవుతుంది. తర్వాత కథ రెండు దావాల వాంగ్మూలాల మీద నడుస్తుంది. ఆలోచన మాది అన్న కవలలది ఒకటి, మొదట్లో డబ్బు పెట్టిన స్నేహితుడు ఎడువార్డో సావెరిన్‌ది ఇంకొకటి. లాయరు ఒక ప్రశ్న వేస్తాడు, సీను వెనక్కి పోతుంది. దీంతో రాసేవాడికి దక్కేదేంటంటే, తేదీ, అంకె, ఎవరు ఎప్పుడు ఏ మెయిలు పంపారు అన్నవి చెప్పేదానికి వెనకనుంచి గొంతు అక్కర్లేదు. అడగడమే ఉద్యోగమైన మనిషి ఒకడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. పైగా ఒకే సంగతిని ఇద్దరు ప్రమాణం చేసి రెండు రకాలుగా చెబుతారు. ఎవరిది నిజమో సినిమా తేల్చదు. నువ్వేమో 20వ పేజీకల్లా తేల్చేశావు.

వాటా కోసుకుపోయే సీను నీ కథలోనూ ఉంది, కానీ చూసేవాడికి అర్థం కాదు. లెక్క ఇలా పెట్టు. కంపెనీలో 100 షేర్లు, భాగస్తుడివి 30. కొత్తగా 900 షేర్లు పుట్టించి అతనికి ఒక్కటీ ఇవ్వలేదు. అతని 30 అలాగే ఉన్నాయి, ఎవరూ లాక్కోలేదు, కానీ ఇప్పుడవి వెయ్యిలో 30, అంటే 3 శాతం. పైగా ఆ కాగితం మీద అతనే సంతకం పెట్టి ఉంటే, దెబ్బ ఎక్కడ తగిలిందో నువ్వు చెప్పక్కర్లేదు. సావెరిన్ వాటా 0.03 శాతానికి పడిందన్న మాట ఆ సినిమాలో అంత గట్టిగా తగిలింది అందుకే.

నన్నడిగితే ఆ సినిమాలో వదులు ముడి మొదటి సీన్లోనే ఉంది. ఆ అమ్మాయి పాత్ర కల్పితం. ప్రేమలో దెబ్బ తిని కసితో ఫేస్‌బుక్ కట్టాడన్నట్టు నడిపారు. నిజానికి తర్వాత పెళ్లాడిన ప్రిసిల్లా చాన్ 2003లోనే అతనికి పరిచయం. ఆమెను సినిమా అసలు తలవలేదు. చూడ్డానికి రుచిగా ఉంది, కాదనను. కానీ బతికున్న మనిషికి ఉద్దేశం అంటగట్టడం ఇక్కడ ఇంకా ప్రమాదం. మన దగ్గర పరువు నష్టం క్రిమినల్ నేరం కూడా, పాత శిక్షాస్మృతిలోని 499, 500 సెక్షన్లు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356లో ఉన్నాయి. పేరు మార్చాను కదా అంటావు. కారు రంగు, గుంటల గట్టు చూసి కావలి దాకా అందరూ గుర్తుపడతారబ్బయా!

1994లో, తమిళనాడు హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది: కోర్టు రికార్డులాంటి పబ్లిక్ రికార్డు ఆధారంగా రాసేదానికి ఆ మనిషి అనుమతి అక్కర్లేదు, దాన్ని దాటి సొంత జీవితంలోకి పోతేనే చిక్కు. కాబట్టి కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి దావా నకలు తెచ్చుకో. కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో రుసుము కడితే ఫైళ్లు చూడనిస్తారు. షేర్ల కేటాయింపుకు పీఏఎస్-3, డైరెక్టరు రాజీనామాకు డీఐఆర్-12 చూడు. ఆ రెంటి మీది తేదీలను పక్కపక్కన పెడితే సగం సీన్లు వాటంతటవే వరస కడతాయి. ప్రతి సీను మార్జిన్లో ఒక అక్షరం వెయ్: కాగితం ఉంటే కా, ఒక పక్షమే చెబితే ప, నువ్వు అల్లినదైతే అ. ‘అ’ పడిన సీన్లో నేరం ఉండకూడదు.

నీ 97వ పేజీలో ఉన్నదే అసలు సినిమా, నువ్వది నాలుగు లైన్లలో దాటేశావు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అట్టడుగుకు పోతుంది. రాత్రంతా ఎండ లేదు, నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తూనే ఉంటుంది. కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి. దాంతోపాటే గట్టు మీది మీటరుకు సిగ్నల్ పోయింది. ఆప్ మాత్రం ఒంటిగంటకు వచ్చిన ఆఖరి అంకెనే, 5.2, ఆకుపచ్చగా చూపిస్తూ ఉంది. రైతు ఫోన్ చూసుకుని మళ్లీ పడుకున్నాడు. నాలుగింటికి రొయ్యలు పైకి తేలాయి. ‘సిగ్నల్ లేదు’ అని ఎర్రగా చూపించొద్దన్నది ఎవరు? పెట్టుబడిదారుల ముందు తెర ఎర్రబడితే బాగుండదని ఏ మీటింగులో అనుకున్నారు? ఆ మీటింగు రాయి, 8 పేజీలు. ఆ గదిలో ఎవడూ దుర్మార్గుడు కాకూడదు, ప్రతివాడి మాటా వినగానే సబబే అనిపించాలి.

మాటల వేగం మాత్రం ‘ది సోషల్ నెట్‌వర్క్’ నుంచి తెచ్చుకోకు. ఆ స్క్రిప్టు 162 పేజీలు, సినిమా రెండు గంటలు. పేజీకి నిమిషం లెక్క అక్కడ చెల్లదు, ఎందుకంటే వాళ్లు ఊపిరి తీసుకోకుండా మాట్లాడతారు. మనవాళ్లు తిట్టేముందు టీ చెబుతారు. ‘ఏందబ్బా, ఎప్పుడొచ్చినావు’ అన్నాకే కత్తి బయటికొస్తుంది. ఇద్దరిచేత చదివించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, పేజీకి ఎన్ని సెకన్లో పక్కన రాసుకో.

ముందు ఆ మీటింగు సీను, దానికి ఆధారమైన కాగితం నకలు పంపు. మిగతావి తర్వాత. 61వ పేజీలో భాగస్తుడి ఊరు అల్లూరు, 88లో కొత్తపట్నం అయింది, చూసుకో.

ఇట్లు,
మీ అన్న