లైబ్రరీ లోపల ఎగ్జిట్ మాత్రం పిలవకండి

సీ లో లైబ్రరీ (వేరే ప్రోగ్రామ్‌లు పిలిచి వాడుకునే కోడ్) రాస్తున్నాను, మెమరీ దొరక్కపోతేనో ఫైల్ చెడిపోయి ఉంటేనో అక్కడికక్కడే ప్రోగ్రామ్‌ను ఆపేయాలా, ఎర్రర్ కోడ్ వెనక్కివ్వాలా అని అడిగారు. ఎర్రర్ కోడ్ ఇవ్వండి. ప్రోగ్రామ్‌ను క్రాష్ లాగా ఆపేసే అబార్ట్ సంగతి కింద చెప్తాను, చప్పుడు లేకుండా మామూలుగా ముగించేసే ఎగ్జిట్ మాత్రం ఎక్కడా పెట్టొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో దాని దెబ్బ ఎవరికి తగిలిందో నాకు తెలుసు.

మాది తిరుపతి. తోతాపురి సీజన్‌లో ఆ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు మీదికి వరస కడతాయి, ఈ పక్కవాళ్లకి చెప్పక్కర్లేదు. కాటా మీద బండిని రెండుసార్లు తూస్తారు, లోడుతో ఒకసారి, కాయ దించాక ఖాళీగా ఇంకోసారి. ఆ తేడాకే డబ్బు, స్లిప్పు వచ్చేది రెండో తూకం అయ్యాకే. అక్కడి కాటా ప్రోగ్రామ్ ఎవరో సీ లో రాసిచ్చి పోయారు. బండి ఎక్కగానే కెమెరా నంబర్ ప్లేటు ఫోటో తీస్తుంది, ప్రోగ్రామ్ దాన్ని చిన్నది చేసి స్లిప్పు మీద వేస్తుంది. మొదటి తూకాలన్నీ మెమరీలోనే పెట్టుకుని, రెండోది వచ్చాక గానీ డిస్క్ మీద రాయదు.

ఒక మధ్యాహ్నం ఆ ప్రోగ్రామ్ మాయమైంది. హ్యాంగ్ కాలేదు, ఎర్రర్ బాక్స్ రాలేదు, అసలు విండోనే లేదు. ఆపరేటర్ మళ్లీ తెరిస్తే, లోపల కాయ దించుతున్న బండ్ల తూకం ఒక్కటీ లేదు. మళ్లీ తూద్దామంటే కాయ అప్పటికే కడిగే తొట్టిలో పడి వేరేవాళ్ల కాయతో కలిసిపోయింది. ఒక పెద్దాయన ఖాళీ ట్రాక్టర్‌ను కాటా మీదే నిలబెట్టేసి, "బోర్డు మీద ఎంత పడిందో నేను చూసినా నాయనా, నా కాయ నాకు తెలీదా" అంటాడు, మేనేజరేమో కాగితం లేనిదే ఎట్లా అంటాడు, వెనక డ్రైవర్లు ఒకటే హారన్లు. చివరికి ఆయన చెప్పిన బరువే రాసుకున్నారు గానీ పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు.

ఆ తర్వాతే నన్ను పిలిచారు. ఉబుంటు మెషీన్, కోర్ ఫైల్ (క్రాష్ అయినప్పుడు మిగిలే మెమరీ నకలు) వెతికితే లేదు, లాగ్‌లో క్రాష్ ఊసే లేదు. ఎలా ఉంటుంది, ప్రోగ్రామ్ స్టేటస్ 1తో, అంటే ఫెయిలైందనే కోడ్ ఇచ్చి, మామూలుగా ముగిసిపోతే? కెమెరా ఫోటోల ఫోల్డర్‌లో సున్నా బైట్ల ఫైల్ ఒకటి కనబడింది, అదే ఇచ్చి టెర్మినల్‌లో నడిపితే విషయం బయటపడింది. ఫోటో చదవడానికి ఆ ప్రోగ్రామ్ వాడే లైబ్రరీ లిబ్‌జేపెగ్. దానికి ఖాళీ ఫైల్ ఇస్తే ఫేటల్ ఎర్రర్ అంటుంది, దాని డీఫాల్ట్ హ్యాండ్లర్ (ఎర్రర్ వస్తే నడిచే ఫంక్షన్) స్టాండర్డ్ ఎర్రర్ మీద ఒక లైను రాసి ఎగ్జిట్ పిలుస్తుంది. వాళ్ల స్టార్టప్ స్క్రిప్టు ఆ లైనును కూడా ఎవరికీ కనబడకుండా నల్‌కి పారేస్తోంది. ఒక ఫోటో కోసం రైతు తూకం పోయింది!

ఆ హ్యాండ్లర్‌ను మార్చుకోమని లిబ్‌జేపెగ్ డాక్యుమెంట్‌లోనే ఉంది, ఎర్రర్ దగ్గర్నుంచి మన కోడ్‌లోకి వెనక్కి దూకే సెట్‌జంప్, లాంగ్‌జంప్‌తో ఎలా చేయాలో ఉదాహరణ కూడా ఇచ్చారు. అలాగే మార్చాను, ఫోటో చెడితే ఆ గడి ఖాళీగా వస్తుంది, అంతే. మొదటి తూకం పడగానే డిస్క్ మీద రాసేలా కూడా చేశాను. కానీ అందరూ డాక్యుమెంట్ చదువుతారని నమ్మి డీఫాల్ట్‌లో ఎగ్జిట్ పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. మన కాలేజీల్లో కూడా ఇదే నేర్పిస్తారు. ల్యాబ్ రికార్డులో మెమరీ అడిగే మాలాక్ ఏమీ దొరకలేదని నల్ ఇచ్చిందా, ప్రింట్ఎఫ్, కింద ఎగ్జిట్ 1, పది మార్కులు. ఫైల్ మూసే ఎఫ్‌క్లోజ్ ఏం తిరిగిచ్చిందో చూడమని చెప్పే లెక్చరర్ నాకైతే ఇంతవరకు తగల్లేదు, డిస్క్ నిండిపోయిందని ఒక్కోసారి అక్కడే గదా తెలిసేది.

ఇక అబార్ట్. అది ఎగ్జిట్ కంటే వెయ్యి రెట్లు నయం. సిగ్నల్ 6తో చస్తుంది, షెల్‌లో 134 కనబడుతుంది, సెట్టింగ్ సరిగా ఉంటే కోర్ ఫైల్ మిగులుతుంది, ఎక్కడ పోయిందో పట్టుకోవచ్చు. ముగిసే ముందు నడవమని అట్‌ఎగ్జిట్‌తో పెట్టుకున్న ఫంక్షన్లు నడవవు, అదీ మంచిదే, పాడైన మెమరీతో సర్దుబాటు పనులు చేస్తే ఉన్నది కూడా పాడవుతుంది. ఒకే పాయింటర్‌ను రెండుసార్లు ఫ్రీ చేస్తే, అంటే అదే మెమరీని రెండుసార్లు వదిలేస్తే, లినక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ పట్టుకుని అబార్ట్ చేస్తుంది చూడండి, అక్కడ అది న్యాయం. లోపలి లెక్క తప్పిపోయాక ముందుకెళ్లడమే ప్రమాదం. బయటి నుంచి వచ్చిన డేటా బాగాలేకపోతే, మెమరీ చాలకపోతే మాత్రం ఏం చేయాలనేది లైబ్రరీని పిలిచినవాడి నిర్ణయం. జీలిబ్ అనే వేరే లైబ్రరీలో మెమరీ అడిగే జీ_మాలాక్ ఫెయిలైతే ప్రోగ్రామే పోతుంది, డెస్క్‌టాప్ అప్లికేషన్‌కి సరేననుకోవచ్చు, కాటాకి కుదరదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ చూసి నేర్చుకోండి, మెమరీ దొరక్కపోతే కోడ్ 7 ఇచ్చి తప్పుకుంటుంది, కావాలనే మాలాక్‌ను ఫెయిల్ చేసి మరీ టెస్ట్ చేస్తారు వాళ్లు.

యూజర్ తన సొంత హ్యాండ్లర్ పెట్టుకునే వీలు ఇస్తే దాంతోపాటు యూజర్ తన డేటా ఏదైనా అందించుకునేలా ఒక వాయిడ్ పాయింటర్ కూడా తీసుకోండి, రెండూ మీ కాంటెక్స్ట్ స్ట్రక్చర్‌లో (ఒక్కో వాడకానికి విడిగా ఉండే స్ట్రక్చర్) ఉంచండి. గణిత లైబ్రరీ జీఎస్‌ఎల్‌లో లాగా ప్రోగ్రామ్ మొత్తానికి ఒకే గ్లోబల్ హ్యాండ్లర్ పెట్టారనుకోండి, మీ లైబ్రరీని ఒకే ప్రోగ్రామ్‌లో రెండు మాడ్యూళ్లు వాడితే ఒకదాని హ్యాండ్లర్‌ను ఇంకోటి చెరిపేస్తుంది, ఎవరిది పోయిందో వెతుక్కోవాలి.