జిరాక్స్ షాపులో మిగిలిపోయిన ఆధార్

ప్రశ్న: మా అమ్మాయి హాస్టల్ అడ్మిషన్ కోసం ఈ-ఆధార్ పీడీఎఫ్‌ను జిరాక్స్ షాపు నంబరుకు వాట్సాప్‌లో పంపి ప్రింట్ తీయించాను. ఇంటికొచ్చాక డిలీట్ చేశాను. ఇక భయం లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: లేనట్టు కాదండీ. మీరు చెరిపింది చాట్‌లోని మెసేజ్‌ని. ప్రింట్ ఇవ్వడానికి ఫైలు తెరిచినప్పుడే షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక కాపీ పడి ఉంటుంది. ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కినా అది అక్కడే ఉంటుంది. పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందిగా అని ధీమా పడొద్దు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అందరికీ ఒకే పద్ధతిలో ఉంటుంది: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. ప్రింట్ కోసం దాన్ని మీరే చెప్పి ఉంటారు కూడా.

షాపుకు వెళ్లి ఆ ఫైలును మీ ఎదుటే షిఫ్ట్, డిలీట్ మీటలు కలిపి నొక్కి తీసేయమనండి. ఒట్టి డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లోకి పోతుంది, అంతే. అడగడానికి మొహమాటపడకండి. షాపాయన మంచివాడే కావచ్చు, ఆ కంప్యూటర్ ముందు రోజూ ఎందరో కూర్చుంటారు.

ఈసారి నుంచి మాస్క్‌డ్ ఆధార్ వాడండి. మైఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయి, డౌన్‌లోడ్ చేసేముందు ‘మాస్క్‌డ్’ గడిలో టిక్ పెడితే మొదటి 8 అంకెలు కనపడవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. లాడ్జీలో గదికైనా ముందు ఇదే చూపించండి.

ఇంకో పని తప్పకుండా చేయండి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, మైక్రో ఏటీఎంలో (బ్యాంకు ప్రతినిధుల దగ్గరుండే చిన్న మెషీన్) ఓటీపీ గానీ పిన్ గానీ లేకుండా డబ్బు తీయొచ్చు. వేలిముద్రకు నకలు చేసి ఇలా ఖాతాలు ఊడ్చేసిన కేసులున్నాయి. అందుకే అదే పోర్టల్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి. లాక్ ఉండగా రేషన్ షాపులో, సిమ్ కొనేచోట వేలిముద్ర పడదు. అక్కడ మెషీన్ చెడిపోయిందనుకోకుండా తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకుంటే, తర్వాత మళ్లీ దానంతటదే లాక్ పడుతుంది. ఓటీపీతో జరిగే పనులకు ఏ అడ్డూ ఉండదు.

ప్రశ్న: తిరుపతి పక్కనే ఉన్నామని బంధువులు దర్శనం టికెట్లు మమ్మల్నే తీయమంటారు. వెతికితే టీటీడీ పేరుతో ఏవేవో సైట్లు వస్తున్నాయి. అసలుది గుర్తుపట్టేదెలా?
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అడ్రసును చివరి నుంచి వెనక్కి చదవండి. అసలు సైటు ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్’. ఇంగ్లిష్‌లో రెండు టీల తర్వాత ఒకే డీ ఉంటుంది. ‘డాట్ జీఓవీ డాట్ ఇన్’ ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. మోసగాళ్లు డాట్ ఉండాల్సినచోట అడ్డగీత పెట్టి ‘ఏపీ-జీఓవీ’ అని రాసి, చివర ‘డాట్ ఆర్గ్’ తగిలిస్తారు. కళ్లు అక్కడే మోసపోతాయి. అడ్రసు పక్కన తాళం బొమ్మను నమ్మొద్దు, అది దొంగ సైటుకూ వస్తుంది. గూగుల్‌లో పైన ‘స్పాన్సర్డ్’ అని వచ్చేవి ప్రకటనలు, వాటిని నొక్కకండి. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ 300 రూపాయలు. యూపీఐ పిన్ కొట్టేముందు ఎవరో మనిషి పేరు కనిపిస్తే అక్కడే ఆపేయండి.

ప్రశ్న: తెలిసినవాళ్ల నంబరు నుంచి ‘పెళ్లిపత్రిక’ అని వాట్సాప్‌లో ఫైలొచ్చింది. నొక్కి ఇన్‌స్టాల్ చేసేశాను. పత్రిక తెరుచుకోలేదు.
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది పత్రిక కాదు, మీకొచ్చే ఓటీపీలను వేరేవాళ్లకు చేరవేసే యాప్. వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై కూడా ఆపండి. వేరే ఫోన్‌తో బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సొమ్ము చేతులు మారేలోపు అయితే ఆపే వీలుంటుంది. పాస్‌వర్డ్‌లు మార్చేదీ ఆ వేరే ఫోన్ నుంచే. ఇదే ఫోన్‌లో మారిస్తే కొత్తవీ వాళ్లకు తెలిసిపోవచ్చు.

తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ యాప్స్ రెండింటిలోనూ ఆ యాప్‌కు అనుమతి తీసేయండి. లేకుంటే అన్‌ఇన్‌స్టాల్ చేయనివ్వదు. ఫొటోలు కాపీ చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తేనే నిశ్చింత. ఫైలు పంపినవారికి మామూలు కాల్ చేసి చెప్పండి. వాళ్ల ఫోన్ కూడా ఇలాగే చిక్కి ఉంటుంది, తాము ఏదో పంపినట్టు వాళ్లకే తెలియకపోవచ్చు.