ప్రొక్లెయిన్ వచ్చినవాళ్లకు అడవి హార్వెస్టర్ సులువేనా?

ఊళ్లో ప్రొక్లెయిన్ నడిపిన అనుభవం ఉంది, ఫిన్లాండ్‌లో చెట్లు కోసే హార్వెస్టర్ తొందరగా పట్టుబడుతుందా అని అడిగారు. నేనూ ప్రొక్లెయిన్ నుంచే వచ్చాను, ఇప్పుడు తూర్పు ఫిన్లాండ్‌లో హార్వెస్టర్ మీద ఉన్నాను. చేతులకైతే మీ అనుభవం బాగా పనికొస్తుంది. జాయ్‌స్టిక్‌ల నిండా బటన్లుంటాయి, అయినా కొన్ని నెలల్లో వేళ్లు వాటంతటవే పోతాయి. అలిసేది బుర్ర.

బూమ్ (బండి పొడవాటి చెయ్యి) చివరనుండే కోత పరికరం, అంటే హెడ్, చెట్టును పట్టుకుని మొదలు దగ్గర కోస్తుంది. రోలర్లు మానును లాగుతుంటే కత్తులు కొమ్మలు చెక్కేస్తాయి. చాలా చెట్లకు నిమిషం కూడా పట్టదు. ఏ పొడవుకు కోస్తే ఎక్కువ ధర పలుకుతుందో కంప్యూటరే లెక్కేస్తుంది. కానీ చెట్టు రకం స్ప్రూసా, పైన్ చెట్టా, బర్చా అన్నది బటన్ నొక్కి చెప్పాల్సింది మనమే. లోపల పుచ్చుందని దానికి తెలియదు. కోసిన చోట గోధుమరంగు మచ్చ కనబడితే, పుచ్చిన ముక్కను విడిగా కోసేసి, గట్టి చెక్క దగ్గర్నుంచి కొలత మళ్లీ మొదలుపెట్టాలి. ఈలోపే కన్ను తర్వాతి చెట్టు మీదికి పోవాలి.

అడవి మొత్తం కొట్టేసే చోట ఇదంతా తేలికే. అసలు పరీక్ష థిన్నింగ్‌లో, అంటే కొన్ని చెట్లే తీసి మిగతావి పెరగడానికి ఉంచే పనిలో. ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది క్యాబిన్‌లో కూర్చుని మనమే తేల్చుకోవాలి. పది మీటర్ల బూమ్ చెట్ల సందుల్లో తిప్పుతుంటే, ఉంచిన చెట్టు బెరడు గీసుకుపోకూడదు, ఆ గాయంలోంచే పుచ్చు పడుతుంది. బండి బాటలు సుమారు 20 మీటర్లకొకటి. చెక్కిన కొమ్మలు ఆ బాట మీదే పడాలి, లేకపోతే దుంగలు మోసే ఫార్వర్డర్ మెత్తటి నేలలో దిగబడుతుంది. దుంగల్ని రకాలవారీగా వేరే కుప్పలు పెట్టకపోతే దాని డ్రైవర్ తిట్లు సరేసరి. నాకైతే థిన్నింగ్‌లో పాటలు కూడా అడ్డే.

డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి. రాత్రి షిఫ్ట్‌లో లైట్ల వెలుగుకు మాను మొదలు బాగానే కనిపిస్తుంది, పైన మంచు కప్పిన తల వంకరో, చీలిందో తెలియదు. గంటలకొద్దీ పలకరించే మనిషి ఉండడు. చలికి హైడ్రాలిక్ పైపు పగిలినా దిగి మార్చుకోవాల్సింది మనమే. ఆ ఒంటరితనం పడనివాళ్లు ఫార్వర్డర్‌కో, మరో పనికో మారడం చూశాను.

వీసా సంగతి తర్వాత, ముందు భాష మొదలుపెట్టండి. నా కోర్సు మొత్తం ఫిన్నిష్‌లోనే సాగింది. నాకొచ్చే పని ఆర్డర్లు, మ్యాప్ మీది సూచనలు కూడా ఫిన్నిష్‌లోనే ఉంటాయి.