జింగిల్ చేస్తే అమ్ముడుపోయినట్టా?

బిడ్డా,

నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. శంకర్‌పల్లి వైపు ఇళ్ల స్థలాల వెంచర్ వేసినవాళ్లు తమ ప్రకటనకు చిన్న పాట, అదే జింగిల్, అడిగారని, ఒప్పుకుంటే త్యాగరాయ గానసభలో నీతో పాడే పిల్లలు "అమ్ముడుపోయావు" అంటారని టెన్షన్ పడుతున్నావు. పాటకు డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ముందు ఆ బరువు దించుకో.

ఘంటసాల గారు విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో జోలె పట్టుకుని మధూకరం చేశారు, అంటే ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకున్నారు. ఆ విద్యతోనే తర్వాత సినిమాలకు పాడి బతికారు. అందుకు ఆయన్ను ఎవరైనా తక్కువ చేసి మాట్లాడతారా? త్యాగయ్య గారు ఉంఛవృత్తితో, ఇంటింటా పాడుతూ తెచ్చుకున్న బియ్యంతో గడిపారు, నిజమే. ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను. కానీ కృష్ణానగర్‌లో అద్దె కట్టలేక సతమతమయ్యే కుర్రాడిని ఆ కొలతతో కొలిచి తిట్టేవాళ్లంటే నాకు కోపం.

మరి అమ్ముడుపోవడం అంటే ఏంటో నా అనుభవం చెప్తాను. నా పెళ్లయిన కొత్తలో కాదు, పిల్ల బడికి వెళ్లే రోజుల్లో. ఒక పెద్ద ఫంక్షన్‌కు వయొలిన్ వాయించడానికి పిలిచారు. తీరా వెళ్తే పాటంతా ముందే రికార్డు చేసి ఉంది. మేం వాయిస్తున్నట్టు కనిపిస్తే చాలట. చప్పుడు రాకుండా, వయొలిన్ తీగల మీద లాగే కర్ర ఉంటుంది కదా, ఆ కమాను వెంట్రుకలకు సబ్బు రాయమన్నారు. చేతులు కడుక్కునే చోట ఉన్న సబ్బు బిళ్ల తీసి నా చేత్తో నేనే రాశాను. స్టేజీ మీద కమాను తీగల మీద జారిపోతోంది, నా చెవికి ఏమీ వినబడటం లేదు. ముందు వరుసలో ఒక పెద్దాయన నావైపే చూస్తూ, తొడ మీద తాళం వేస్తూ తల ఊపుతున్నాడు.

ఆ డబ్బుతోనే పిల్ల ఫీజు కట్టాను. కట్టినందుకు బాధ లేదు. కమానుకు కొత్త వెంట్రుకలు వేయించుకున్నాను, అదీ అయిపోయింది. ఆ పెద్దాయన తల ఊపడం మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నన్ను నమ్మి విన్నాడు కదా. నేను అమ్ముడుపోయింది ఆ రోజు, బిడ్డా.

అందుకే నీ జింగిల్ విషయంలో నేను మొదట అడిగేది రాగం గురించి కాదు. ఆ వెంచర్‌కు రెరాలో, అంటే రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థలో, రిజిస్ట్రేషన్ ఉందా? రిజిస్టర్ చేయించాల్సిన వెంచర్‌ను చేయించకుండా ప్రకటించకూడదని 2016 చట్టమే చెప్తోంది. నీ గొంతు విని ఎవరో ఒకరు రిటైర్మెంట్ డబ్బు తెచ్చి అక్కడ పోస్తారు. నంబరు అడుగు, తెలంగాణ రెరా సైట్‌లో నువ్వే చూసుకో. లేకపోతే ఎంత ఇచ్చినా వద్దను. ఉంటే హాయిగా చెయ్యి, కచేరీకి ఎంత సాధన చేస్తావో దీనికీ అంతే చెయ్యి. ఫలానా హిట్ పాట బాణీని కాస్త అటూ ఇటూ మార్చి ఇమ్మంటే మాత్రం లేచి వచ్చెయ్.

ఇక అగ్రిమెంట్. మా రోజుల్లో వయొలిన్ పెట్టె మీద కాగితం పెట్టి, చదవకుండానే సంతకం చేసేవాళ్లం. నువ్వలా చేయకు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాలోనైనా రికార్డింగ్‌లోనైనా వాడిన పాటకు, రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ తమ రాయల్టీ వాటాను కంపెనీకి రాసిచ్చేయడం కుదరదు. ఎన్నేళ్లకో కాగితంలో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ దేశాలకో రాయకపోతే ఇండియాకే. అందుకని "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాట కనిపించిన చోట పెన్ను ఆపు. బాణీ నీదే కాబట్టి, పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీ వసూలు చేసి ఇచ్చే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో. 1969 నుంచి ఉన్న సంఘం అది.

ఆదివారం ఆ కాగితాలు పట్టుకుని చిక్కడపల్లి రా, ఇద్దరం కూర్చుని చదువుదాం. అంతవరకు ఎక్కడా సంతకం పెట్టకు. కట్టిన బాణీ ఉంటే అదీ వినిపించు.

మీ మాస్టారు