పీడకలలు, జడుపు, కళ్ళు కదిపే థెరపీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

పెద్ద ప్రమాదం జరిగాక మనసుకి తగిలే దెబ్బ గురించి, అదే డాక్టర్లు పీటీఎస్డీ అంటారు కదా, దాని గురించి పోయిన నెల రాసాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలామంది దానికిచ్చే ఈఎండీఆర్ అనే ట్రీట్‌మెంట్ గురించే అడిగారు. ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్ అనేది దాని పూర్తి పేరు, మన దగ్గర అందరూ కళ్ళు తిప్పే థెరపీ అనేస్తున్నారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఎవరి పేర్లూ వెయ్యట్లేదు.

ప్రశ్న: నమస్తే మేడమ్, మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. అమ్మ చెప్తుంటే నేను టైప్ చేస్తున్నా. పోయినేడాది నాన్న, మావయ్య ఏటకెల్తే కెరటానికి తెప్ప తిరగబడిపోయింది, నాన్న ఒడ్డుకొచ్చాడు గానీ మావయ్య రాలేదు. అప్పట్నుంచి నాన్న ఏటకెల్లడం మానేసాడు, ఒడ్డు వైపు కూడా రాడు, రాత్రుళ్ళు అరుచుకుంటూ లేస్తాడు, తాగుడు ఎక్కువైపోయింది. నాన్నమ్మ జడుపని తాయెత్తు కట్టించింది. యూట్యూబ్‌లో ఒక చుక్క అటూ ఇటూ కదుల్తుంటే దాన్నే చూస్తే బాధ పోద్దని వీడియో ఉంది, అది నాన్నకి చూపించొచ్చా? ఇంకోటి, అలా చేస్తే మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాన్నకి గుర్తుకే రాకుండా పోతాడేమో అని అమ్మ భయపడతోంది.

జవాబు: ముందు అమ్మకి చెప్పు తల్లీ, గుర్తు పోదు. మావయ్య నవ్వు, మాట, ఇద్దరూ కలిసి వేటకెళ్ళిన రోజులు అన్నీ ఉంటాయి, ఆ రోజు జరిగింది కూడా ఉంటుంది. ఇప్పుడు మీ నాన్నకి అది జరిగిపోయిన విషయంలా గుర్తు రావట్లేదు, ఇప్పుడే మళ్ళీ జరుగుతున్నట్టు ఒంట్లోకి వచ్చేస్తోంది, గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం అన్నీ. ట్రీట్‌మెంట్ బాగా పనిచేస్తే దుఃఖం దుఃఖంలానే ఉంటుంది, ఈ మళ్ళీ మళ్ళీ మునిగిపోవడం తగ్గుతుంది. బహుశా మావయ్య గురించి ఇంట్లో నాన్న నోరు తెరిచి మాట్లాడటం కూడా అప్పుడే మొదలవుద్ది.

వీడియో మాత్రం చూపించకు. చుక్క ప్రమాదమని కాదు, ఆ రోజుని నాన్న మనసులోకి తెచ్చుకున్నాక ఏమొస్తుందో, అది ఆయన్ని ఎంతగా ముంచేస్తుందో ఎవరికీ తెలీదు. పక్కన తెలిసినవాళ్ళు లేకపోతే సగంలో ఆగిపోయి ముందుకంటే ఎక్కువ భయంతో మిగిలిపోతాడు, అందులోనూ తాగి ఉంటే ఇంకా కష్టం. ఈ థెరపీలో కళ్ళు కదపడం ఒక భాగమే, మొత్తం ఎనిమిది దశలుంటాయి, కళ్ళ పని మొదలయ్యేది నాలుగో దశలో. అంతకుముందు చేసేదే చాలామందికి తెలీదు, నాకైతే అసలు ప్రాణం అందులోనే ఉందనిపిస్తుంది.

మొదట థెరపిస్ట్ మనిషి కథంతా తెలుసుకుంటారు, ఒంట్లో జబ్బులేంటి, తాగుడెంత, ఇంట్లో ఎవరున్నారు, చావాలని ఎప్పుడైనా అనిపించిందా, అన్నీ. తర్వాత తయారీ, అంటే భయం ముంచుకొచ్చినప్పుడు మనసుని ఒక నిమ్మళమైన చోటుకి తీసుకెళ్ళడం, ఊపిరి నెమ్మది చేసుకోవడం నేర్పిస్తారు, చెయ్యెత్తితే వెంటనే ఆపేస్తానని ఒక సైగ కూడా పెట్టుకుంటారు. మూడో దశలో ఆ రోజుది అన్నిటికంటే బాధపెట్టే బొమ్మ ఏంటి, అది గుర్తొస్తే తన గురించి తను ఏమనుకుంటున్నాడు, దాని బదులు ఏం నమ్మగలిగితే బాగుణ్ణు, ఒంట్లో ఎక్కడ పట్టేస్తోంది అని అడుగుతారు. సున్నా నుంచి 10 దాకా బాధ ఎంతుందో చెప్పమంటారు. ఇలా ప్రాణంతో మిగిలినవాళ్ళలో చాలామంది లోపల మోసేది భయం ఒక్కటే కాదు, నేనే కాపాడలేకపోయాను అనేది. మీ నాన్న బయటికి అనకపోవచ్చు.

అప్పుడు మొదలవుద్ది కళ్ళ పని. ఆ బొమ్మని మనసులో పెట్టుకుని థెరపిస్ట్ వేళ్ళు అటూ ఇటూ కదుల్తుంటే వాటినే చూడాలి, ఒక్కో విడత అర నిమిషం అటూ ఇటూ, ఆపి ఇప్పుడేం వచ్చింది అని అడుగుతారు, ఏదొస్తే అది ఒక్క ముక్కలో చెప్తే చాలు, మళ్ళీ ఇంకో విడత. కళ్ళతో ఇబ్బంది ఉన్నవాళ్ళకి చేతుల మీద మార్చి మార్చి తడతారు. బాధ అంకె సున్నాకి దగ్గరయ్యేదాకా ఇది సాగుద్ది, ఒకే రోజులో అయిపోవాలని లేదు. ఆ తర్వాత మంచి నమ్మకాన్ని గట్టిపరచడం, ఒంట్లో ఇంకా ఎక్కడైనా బిగువు మిగిలిందేమో చూడటం, మనిషిని నిమ్మళపరిచి ఇంటికి పంపడం, మళ్ళీ వచ్చినప్పుడు మొదట ఎలా ఉన్నారో చూసుకోవడం, ఇవీ మిగతా దశలు.

ఎందుకు పనిచేస్తుందంటే ఎక్కువమంది చెప్పే కారణం ఇది. మన బుర్ర ఒక్కసారి మోయగలిగే పనికి ఒక హద్దుంది. మీ ఊళ్ళో వల కుడుతూ ఫోన్ మాట్లాడేవాళ్ళని చూడు, కన్ను అల్లిక మీద ఉంటే మాట తడబడుద్ది. అలాగే బాధపెట్టే బొమ్మని తల్చుకుంటూనే వేళ్ళ వెంట చూపు పరిగెడుతుంటే ఆ బొమ్మకి పూర్తి బలం దొరకదు, మసకబారుద్ది, ఆ మసక రూపంలోనే మళ్ళీ జ్ఞాపకంలోకి పోయి కూర్చుంటుంది. ఇదొక్కటే కారణమని ఇంకా తేలలేదు, కానీ ఇంతవరకు వచ్చిన వివరణల్లో గట్టిది ఇదే.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలి మానస్, గవర్నమెంట్‌ది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పగలైనా చెయ్యొచ్చు. తర్వాత శ్రీకాకుళం పెద్దాస్పత్రిలో సైకియాట్రీ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. తాగుడు సంగతి దాచకండి, రోజూ ఎక్కువ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి, మెడికల్ షాపులో నిద్ర మాత్రలు కొనిచ్చి తాగుడు మీద వేయించడం అస్సలు వద్దు. పీటీఎస్డీకి సెర్ట్రలిన్ లాంటి మందులు కూడా ఉన్నాయి, ముందు వాటితో మొదలెడదాం అంటే కాదనకండి. నాన్నని బలవంతంగా ఒడ్డుకి లాక్కెళ్ళకండి, మగాడివి కాదా అని ఎవర్నీ అననివ్వకండి. చచ్చిపోతా, మీకు భారమయ్యా లాంటి మాట వస్తే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడే ఆస్పత్రికి. తాయెత్తు గురించి నాన్నమ్మతో గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఉండనివ్వండి, ఆస్పత్రికెళ్ళడానికి అడ్డం పడనంత వరకు ఆవిడ ప్రేమ అది.

ప్రశ్న: అయ్యా/అమ్మా, నేను బొబ్బిలి దగ్గర రిటైర్డ్ టీచర్ని. బస్సు ప్రమాదం తర్వాత నా భార్య బస్సెక్కడమే మానేసింది, హారన్ వినిపిస్తే వణుకుతుంది. ఒక ప్రకటనలో ఈఎండీఆర్ ఒకే సిట్టింగ్‌లో గ్యారంటీ అని ఉంది. ఇది హిప్నాటిజమా? నిజంగా సైన్సేనా?

జవాబు: హిప్నాటిజం కాదు మాస్టారూ. మీ మేడమ్ పూర్తి మెలకువలో ఉంటారు, ఎక్కడున్నారో తెలుస్తూనే ఉంటుంది, వద్దనుకుంటే ఆపించొచ్చు.

అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో అనే సైకాలజిస్ట్ 1987లో పార్కులో నడుస్తూ, కళ్ళు అటూ ఇటూ కదులుతున్నప్పుడు తన్ని వేధిస్తున్న ఆలోచనల బాధ తగ్గిందని గమనించింది, 22 మందితో చేసిన పరిశోధన 1989లో ప్రచురించింది. అంత చిన్న స్టడీ మీద మొదట్లో చాలామంది అనుమానపడ్డారు, పడాలి కూడా. ఆ తర్వాత ఎన్నో ట్రయల్స్ జరిగాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పీటీఎస్డీకి ట్రామా మీద, అంటే మనసుకి తగిలిన ఆ దెబ్బ మీద, దృష్టి పెట్టే సీబీటీతో (ఆలోచనల్నీ ప్రవర్తననీ మెల్లగా మార్చే మాటల థెరపీ) పాటు దీన్నీ సిఫారసు చేసింది. బ్రిటన్‌లో వైద్యానికి గైడ్‌లైన్లు ఇచ్చే నైస్ అనే సంస్థ 2018 గైడ్‌లైన్‌లో పెద్దవాళ్ళకి మామూలుగా 8 నుంచి 12 సిట్టింగ్‌లు అని రాసింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2017లో కొంచెం జాగ్రత్తగా, షరతుతో సిఫారసు చేసింది. థెరపీ పనిచేస్తుందా అనే దాని మీద కంటే, అందులో కళ్ళు కదపడం వల్ల విడిగా లాభముందా లేక సురక్షితంగా ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం వల్లే తగ్గుతోందా అనే దాని మీదే గొడవంతా, పరిశోధకులు రెండు పక్కలా ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, మీకు దగ్గర్లో సీబీటీ బాగా తెలిసిన మనిషి దొరికితే ఈఎండీఆర్ కోసం నెలల తరబడి ఆగక్కర్లేదు, రెండూ గట్టివే.

ఆ ప్రకటన మాత్రం పక్కన పెట్టేయండి. ఒకే సిట్టింగ్ గ్యారంటీ అని నిజాయితీ ఉన్న ఏ థెరపిస్టూ అనరు. వెళ్ళేచోట మూడు సంగతులు అడగండి: సైకియాట్రిస్టా, లేక ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టర్ అయిన క్లినికల్ సైకాలజిస్టా, ఈఎండీఆర్ ట్రైనింగ్ ఎక్కడ తీసుకున్నారు, సిట్టింగ్ మధ్యలో మేడమ్ తట్టుకోలేకపోతే ఏం చేస్తారు. ఈ చివరి దానికి వచ్చే జవాబుతోనే మనిషి తెలిసిపోతారు. మేడమ్ గురించి ఏమీ అడక్కుండా వచ్చిన పది నిమిషాల్లోనే వేళ్ళు ఊపడం మొదలెడితే లేచి వచ్చేయండి. ఇది నేర్చుకున్నవాళ్ళు ప్రతీ ఆస్పత్రిలో ఉండరు కాబట్టి ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళడం మంచిది, విశాఖలో చినవాల్తేరు గవర్నమెంట్ మానసిక ఆస్పత్రిలో కూడా అడగొచ్చు.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నా, వయసు 24. చిన్నప్పుడు దగ్గరి బంధువు వల్ల నాకు చాలా చెడు జరిగింది. ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, నాకు ఊపిరాడట్లేదు. థెరపీకెళ్తే అదంతా పూసగుచ్చినట్టు చెప్పాలా? ఇంట్లో తెలిసిపోతుందా?

జవాబు: నువ్వు ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసమ్మా. జరిగిన దాంట్లో నీ తప్పు రవ్వంత కూడా లేదు, అది ఆ మనిషి తప్పు.

పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు. ఈఎండీఆర్ విషయంలో చాలామందికి ఊరటనిచ్చేది ఇదే, వివరాలు నీ మనసులో ఉంటే చాలు, థెరపిస్ట్‌కి చిన్నప్పుడు ఒక సంఘటన జరిగింది, అందులో ఫలానా బొమ్మ బాధపెడుతోంది అనేంత వరకు తెలిస్తే పని సాగుతుంది. ఇంటికెళ్ళి రాసుకురమ్మనే హోంవర్కూ ఉండదు. కానీ ఒక్కరోజు జరిగిన ప్రమాదం వేరు, చిన్నప్పుడు సొంతవాళ్ళ వల్ల పడ్డ దెబ్బ వేరు, నీ లాంటి వాళ్ళకి తయారీ దశ ఎక్కువ కాలం పట్టొచ్చు, దాన్ని టైమ్ వేస్ట్ అనుకోకు, తొందరపెట్టే థెరపిస్ట్‌ని నమ్మకు. ఒక్కోసారి ఉన్నట్టుండి చుట్టూ ఏం జరుగుతోందో తెలీనట్టు, నువ్వు నువ్వు కానట్టు అనిపిస్తుంటే అది మొదటి రోజే చెప్పు, చాలా ముఖ్యం. సిట్టింగ్‌ల మధ్యలో కలలు, పాత గుర్తులు కొన్నాళ్ళు ఎక్కువ అవ్వచ్చు, దానికేం చెయ్యాలో ముందే నేర్పిస్తారు.

లేడీ థెరపిస్టే కావాలని అడుగు, మొహమాటపడకు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వివరాలు గోప్యంగా ఉంచడం నీ హక్కు, నీకు 18 దాటాయి, ఇంట్లోవాళ్ళకి చెప్పమని నువ్వంటే తప్ప చెప్పకూడదు. ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం మినహాయింపు ఉంటుంది, అదెలా ఉంటుందో మొదటి రోజే అడిగి తెలుసుకో. సంబంధాల గురించి, నాకు కొంచెం టైమ్ కావాలి అని ఇంట్లో అనడానికి కారణం చెప్పి తీరాలని లేదు, ఉద్యోగమనో చదువనో అన్నా చాలు. ఆ మనిషి ఇప్పటికీ ఇంటికి వస్తుంటే మాత్రం నీ భద్రతే ముందు, దాని గురించి థెరపిస్ట్‌తో మొదటే మాట్లాడు, 14416లో కూడా మాట్లాడొచ్చు.

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం. తిత్లీ తుపాను వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు, పైకప్పు ఎగిరిపోయి రాత్రంతా మంచం కింద ఉన్నాం, మా జీడి, కొబ్బరి తోట మొత్తం పోయింది. ఇప్పటికీ అక్టోబర్లో గాలి గట్టిగా వీస్తే నిద్రుండదు. ఇన్నేళ్ళయ్యాక లాభముంటుందా?

జవాబు: ఉంటుంది తమ్ముడూ, జ్ఞాపకం పాతదైనంత మాత్రాన ట్రీట్‌మెంట్ పనిచెయ్యకపోవడం ఉండదు. 2018 అక్టోబర్ 11న మీ ఉద్దానం పడ్డది అక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది, చెట్టు పోతే మళ్ళీ కాపుకి ఏళ్ళు పడుతుంది, ఇంట్లో అప్పులూ వలసలూ అన్నీ దాని వెనకాలే వస్తాయి, కాబట్టి నీ భయం ఒక్క రాత్రిది మాత్రమే కాకపోవచ్చు. అయితే ఒకటి చూసుకో, గాలి వీచిన రోజుల్లో మాత్రమే నిద్ర పట్టక, మిగతా ఏడాదంతా చదువూ పనీ బానే సాగుతుంటే అది పీటీఎస్డీ కాకపోవచ్చు, తుపాను చూసిన మనిషికి గాలంటే జాగ్రత్త ఉండటం సహజం. పీడకలలు, ఆ మాటెత్తితే తప్పించుకోవడం, ఎప్పుడూ ఉలికిపాటు, చిరాకు, ఇవి నెలకి పైగా ఉండి రోజువారీ బతుకుని ఆపేస్తుంటే డాక్టర్‌కి చూపించుకో. అక్టోబర్ దాకా ఆగకు, గాలి లేని నెలల్లో మొదలెడితే తయారీకి టైమ్ దొరుకుతుంది.