రంగు చివర, లెదర్ ముందు

పాత స్పోర్ట్స్ కార్ల ఆకారంలో ఇంటి గరాజ్‌లోనే బిగించుకునే కిట్ కార్ల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: బయట ఏ రంగు, లోపల ఏ రంగు? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: మాది డాలస్. ఫ్యాక్టరీ ఫైవ్ కంపెనీ వాళ్ల కోబ్రా తరహా రోడ్‌స్టర్ (టాపు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) కిట్ తెప్పించాను. నీలం మీద తెల్ల చారలు వేయాలని నా కోరిక. మా ఆవిడ ఎరుపే బాగుంటుందంటోంది. లోపల మాత్రం తాటిబెల్లం రంగు లెదర్ ఇద్దరికీ ఇష్టం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు లెదర్ ఖాయం చెయ్యండి. పెయింటు షాపులో వేల రంగుల్లో ఏది కావాలన్నా కలిపిస్తారు, నచ్చకపోతే కాస్త పసుపో నలుపో చేర్చి మళ్లీ చూపిస్తారు. లెదర్ అమ్మేవాళ్ల దగ్గర తాటిబెల్లం ఛాయలు మూడో నాలుగో ఉంటాయి. కార్పెట్టు, టాపు గుడ్డ అయితే ఇంకా తక్కువ. పెయింటును లెదర్‌కు దగ్గరగా తేగలం, లెదర్‌ను పెయింటుకు దగ్గరగా తేలేం.

పని వరస కూడా ఇలాగే ఉంటుంది. మీ కిట్‌లో కాళ్లుంచుకునే గూళ్లు, సీట్ల వెనక గోడ అన్నీ అల్యూమినియం రేకులే. వాటికి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించే పూత) చేయించాలంటే రివెట్లు కొట్టకముందే చేయించాలి. అంటే లోపలి రంగు మొదటి నెలల్లోనే తేలిపోవాలి. బాడీకి రంగు పడేది అన్నిటికన్నా ఆఖర్న. అంతవరకు నీలమా ఎరుపా అన్న వాదన ఇంట్లో నిశ్చింతగా సాగనివ్వండి.

ఇక తాటిబెల్లం రంగు. ఇందులో పసుపు వైపు మొగ్గేది ఒకటి, ఎరుపు వైపు మొగ్గేది ఇంకొకటి. నీలానికి మొదటిది చక్కగా అమరుతుంది. ఎర్ర కారులో రెండోది పెడితే లెదర్ వెలిసిపోయిన ఎరుపులా కనిపిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. ఎరుపే గెలిస్తే లోపల నలుపు గానీ, బాగా లేత బిస్కెట్ రంగు గానీ పెట్టండి. 1960ల నాటి కోబ్రాల్లో ఎక్కువగా కనిపించేది నలుపు, ఆ తర్వాత ఎరుపు. అచ్చం ఆనాటి కారులాగే ఉండాలంటే నలుపుదే పైచేయి. కానీ డాలస్ ఎండలో టాపు లేని కారు, నల్లటి సీటు అంటే జూలైలో కూర్చోవడమే కష్టం. తాటిబెల్లం వైపే మా ఓటు.

ఒక్కచోట మాత్రం నలుపు తప్పదు, అది డాష్‌బోర్డు. లేత రంగు డాష్ మీద ఎండ పడితే దాని ప్రతిబింబం ముందు అద్దంలో తేలి రోడ్డు మసకబారుతుంది. మెరుపు లేని నల్ల రెగ్జిన్ గానీ లెదర్ గానీ తొడగండి. చెక్క డాష్ ఎంత ముచ్చటగా ఉన్నా కోబ్రాకు నప్పదు. అసలు కార్లలో ఉన్నది నల్లగా తొడిగిన చదును పలకే. కార్పెట్టు కూడా నలుపో ముదురు గోధుమో అయితే మంచిది. పెడల్స్ దగ్గర మడమ రాపిడి, నూనె మరకలు లేత కార్పెట్టు మీద నెల తిరక్కుండానే కనిపిస్తాయి.

లెదర్ కొనేటప్పుడు పైన రంగు పూత ఉన్న రకమే అడగండి. పూత లేని మెత్తటి అనిలీన్ లెదర్ ఇంట్లో సోఫాకు బాగుంటుంది, ఎండావానల్లో తిరిగే కారులో మరకలు పీల్చుకుంటుంది, రంగు వెలుస్తుంది. కుట్టుకు పాలియెస్టర్ దారం వాడమనండి. నూలుదారం తడికీ ఎండకీ కుళ్లి, లెదర్ బాగుండగానే కుట్లు విడిపోతాయి. వానలో తడిసే అవకాశం ఎక్కువైతే పడవల సీట్లకు వాడే మెరైన్ రెగ్జిన్ తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఇంకోమాట. ఈ కారులో కాళ్ల గూళ్లు బాగా వేడెక్కుతాయి. కార్పెట్టు కింద, రేకుల మీద వేడిని ఆపే పొర వేయాలి. జిగురు కూడా వేడికి ఓర్చేదై ఉండాలి. మామూలు స్ప్రే జిగురు మొదటి వేసవిలోనే ఊడిపోతుంది. కార్ల టాపు గుడ్డలు అతికించడానికి అమ్మే ల్యాండౌ టాప్ అండ్ ట్రిమ్ రకం కాంటాక్ట్ జిగురు నిలబడుతుంది. రెండు వైపులా పూసి, చేతికి అంటనంతగా ఆరాకే అతికించండి. ఆరకముందే అతికిస్తే లోపల ద్రావకం మిగిలిపోయి బుడగలు లేస్తాయి.

ప్రశ్న: (న్యూజెర్సీ) మాదీ కోబ్రా తరహా కారే. చారలు స్టిక్కర్‌తో వేయించాలా, పెయింటుతోనా? తెలుపు ఏది తీసుకోవాలి?

జవాబు: పెయింటుతోనే వేయించండి, పైన క్లియర్ (రంగును కాపాడే పారదర్శక పూత) పడాలి. తెలుపు విషయంలో చాలామంది పొరపడతారు. కోబ్రాలు తయారుచేసిన షెల్బీ బృందం డేటోనా కూపేలు (పైకప్పున్న రేసు కోబ్రాలు) 1964లో వైకింగ్ బ్లూలో, ప్రపంచ టైటిల్ గెలిచిన 1965లో గార్డ్స్‌మన్ బ్లూలో పరుగెత్తాయి. అలాంటి నీలాల పక్కన ఇప్పటి కొత్త కార్ల మిరుమిట్లు గొలిపే తెలుపు వేస్తే చారలు కాగితం అతికించినట్టు ఉంటాయి. ఆ కాలపు ఫోర్డ్ తెలుపు వింబుల్డన్ వైట్, కోడ్ ఎం. అందులో కొద్దిగా పాలమీగడ ఛాయ ఉంటుంది. అదే కలిపించుకోండి.

చారలకు నడిగీత ఒక్క కొలతతో తేల్చకండి. ఫైబర్‌గ్లాస్ బాడీ రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండదు. ముందు మూతి రంధ్రం, బానెట్ మీది గాలి గూడు, విండ్‌షీల్డ్ కాళ్లు, డిక్కీ మూత, ఈ నాలుగింటి దగ్గరా మధ్య బిందువులు పెట్టి దారం కట్టి చూడండి. దారం ఒక్కోచోట అర సెంటీమీటరు పక్కకు పోవచ్చు. అప్పుడు కొలతను పక్కనపెట్టి కంటికి నిటారుగా కనిపించేదాన్నే నమ్మండి. బానెట్ గాలి గూడును ఆధారం చేసుకుంటే తప్పు తక్కువగా తెలుస్తుంది. ఒక్కో చార 20 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, మాస్కింగ్ కాగితం అతికించి ఇరవై అడుగుల దూరం నుంచి చూడండి. మూతి, తోక దగ్గర బాడీ సన్నబడుతుంది కాబట్టి, చారలు అంతటా ఒకే వెడల్పుంటే చివర్లలో లావెక్కినట్టు కనిపిస్తాయి. అక్కడ కాస్త సన్నం చేయాలి.

వేసే వరస ఇదీ. చారలు పడే మేర ముందు తెలుపు వేసి, ఆరాక 3 మిల్లీమీటర్ల ఫైన్‌లైన్ టేపుతో అంచులు కట్టి, ఆ తర్వాత నీలం. నీలం మీద తెలుపు కప్పాలంటే కోట్లు ఎక్కువ పడతాయి, అంచు మెట్టులా లేస్తుంది. అంతా అయ్యాక రెండు కోట్ల క్లియర్ వేసి ఆరనిచ్చి, 600 నంబరు వాటర్ పేపర్‌తో ఆ మెట్టు సమం చేసి, మళ్లీ రెండు మూడు కోట్లు వేయాలి. చేత్తో తడిమితే చార ఎక్కడుందో తెలియకూడదు. టేపు పనిలో రోజులు గడవనివ్వకండి. చాలా బేస్ రంగుల మీద 24 గంటల్లోపే క్లియర్ పడాలి, గడువు దాటితే పట్టు తగ్గి తర్వాత పొరలుగా లేస్తుంది. మీ రంగుకు గడువెంతో డేటా షీటులో ఉంటుంది.

ప్రశ్న: (ఫీనిక్స్, అరిజోనా) ఫైబర్‌గ్లాస్ బాడీకి ఒక షాపులో నల్ల రంగు వేయించాను. అప్పుడు అద్దంలా ఉంది. ఆరు నెలలకు ఫెండర్ల మీద అచ్చు అతుకుల గీతలు తేలాయి, పక్కలు అలలు అలలుగా కనిపిస్తున్నాయి. తప్పెక్కడ జరిగింది?

జవాబు: రెండు తప్పులు కలిసినట్టున్నాయి. ఫైబర్‌గ్లాస్ అచ్చులోంచి బయటికొచ్చాక కూడా అందులోని రెజిన్ కొంతకాలం గట్టిపడుతూ, కుంచించుకుపోతూనే ఉంటుంది. వేడి ఎంత ఎక్కువైతే అది అంత ఎక్కువగా జరుగుతుంది. మీ బాడీ అంత వేడి మొదటిసారి చూసింది నల్లరంగు పడ్డాకే. అరిజోనా ఎండలో నలుపు తెలుపుకన్నా ఎంతో ఎక్కువగా కాలుతుంది. అప్పుడు మిగిలిన కుదింపు జరిగి గీతలు పైకి వచ్చాయి. అలలు మాత్రం ముందునుంచీ ఉన్నవే. నలుపు అద్దంలాంటిది, లేత రంగు దాచేదాన్ని అది చూపిస్తుంది.

మళ్లీ చేయించేటప్పుడు అతుకుల దగ్గర పైపైన పుట్టీ రుద్దితే లాభం లేదు. గీతను జెల్ కోట్ (ఫైబర్‌గ్లాస్ మీద అచ్చులోనే పడే గట్టి పైపొర) కిందికి దిగేదాకా వెడల్పుగా, లోతు తక్కువ గాడిలా అరగదీసి, గాజు నార కలిసిన ఫిల్లర్ గానీ వినైల్ ఎస్టర్ రకం ఫిల్లర్ గానీ నింపాలి. మామూలు పుట్టీ కుంచించుకుపోయి గీత మళ్లీ పడుతుంది. నింపాక బాడీని కొన్ని వారాలు ఎండలో ఉంచి, కుంచించుకునేదంతా అప్పుడే కుంచించుకోనివ్వాలి. ఇంకా కిట్ బిగిస్తున్నవాళ్లకు మా గట్టి సలహా: ఒక వేసవంతా జెల్ కోట్‌తోనే కారు నడపండి. బాడీ స్థిరపడుతుంది, తలుపుల సందులు ఎక్కడ రాసుకుంటున్నాయో, ఇంకా ఎక్కడ రంధ్రం వేయాలో పెయింటుకు ముందే తెలిసిపోతుంది.

ఆ తర్వాత వరస. కొత్త బాడీ అయితే ముందు మైనం, జిడ్డు తీసే ద్రావకంతో రెండుసార్లు తుడవాలి, ఆ తర్వాతే గీకాలి. అచ్చు మైనం ఉండగానే గీకితే అది గీతల్లోకి దిగి, రంగు వేసినప్పుడు చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. 80, 120 నంబర్ల ఉప్పు కాగితంతో పొడిగానే గీకండి. గాజు నార బయటపడినచోట నీళ్లు తగిలితే పీల్చుకుంటుంది, తర్వాత పొక్కులొస్తాయి. పైన స్ప్రే చేసే పాలియెస్టర్ ప్రైమర్ మూడు కోట్లు, గన్ నాజిల్ 2 మిల్లీమీటర్లు. ఇది దాదాపు 4 లీటర్లు పడుతుంది. గడువు దాటితే గన్‌లోనే రాయిలా బిగుసుకుంటుంది కాబట్టి పనయ్యీ అవగానే గన్ కడగాలి. దాని మీద పల్చగా నల్ల గైడ్ కోట్ జల్లి, 40 సెంటీమీటర్ల పొడవాటి బ్లాక్‌తో 180, 220, 320 నంబర్లు ఏటవాలుగా లాగండి. నలుపు మిగిలినచోట గుంట ఉన్నట్టు. అలలు పోయేది ఇక్కడే, పెయింటు దగ్గర కాదు. మళ్లీ యూరెథేన్ ప్రైమర్, 400, 600, తర్వాతే రంగు.

ఈ సైజు కారుకు పలచన చేయకముందు రంగు 2 లీటర్లు, క్లియర్ గట్టిపడే ద్రవం కాకుండా 4 లీటర్లు అనుకోండి. ఎరుపు, పసుపు సరిగా కప్పవు కాబట్టి వాటికి 3 లీటర్లు. మొత్తం ఒకేసారి కలిపించి, ఒకే పెద్ద డబ్బాలో పోసి కలుపుకోండి. సగంలో అయిపోయి మళ్లీ కలిపిస్తే బానెట్‌కూ ఫెండర్‌కూ తేడా తెలుస్తుంది. గరాజ్‌లో మీరే కొట్టాలనుకుంటే ఒక హెచ్చరిక: గట్టిపడే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే జీవితాంతం ఉబ్బసం మిగలొచ్చు. బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు లేకుండా గన్ పట్టకండి.

ప్రశ్న: (రెడింగ్, ఇంగ్లండ్) లోటస్ సెవెన్ తరహా కిట్ కడుతున్నాను. బ్రిటిష్ రేసింగ్ గ్రీన్ అంటే అసలు ఏ పచ్చ? పక్క రేకులు అల్యూమినియంలాగే వదిలేయొచ్చా?

జవాబు: అది ఒక్క పచ్చ కాదు. 1903లో ఐర్లండ్‌లో గార్డన్ బెన్నెట్ కప్ పందెం జరిగినప్పుడు బ్రిటిష్ కార్లు పచ్చరంగులో దిగాయి, అక్కణ్ణుంచి ఆ పేరు కింద లేత పచ్చ నుంచి నలుపనిపించే పచ్చ దాకా అన్నీ వచ్చాయి. పెయింటు షాపులో పేరు చెప్పకండి, కోడ్ చెప్పండి. బీఎంసీ (ఆనాటి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కార్ల జీఎన్25 కాస్త వెలుతురున్న పచ్చ, జీఎన్29 ముదురు. సెవెన్ చిన్న కారు, ఇంగ్లండ్ మబ్బుల్లో ముదురుది నల్లగా కనిపిస్తుంది. జీఎన్25 వైపే మొగ్గండి. 1960ల టీమ్ లోటస్‌లాగా పచ్చ మీద పసుపు చార కావాలంటే మూతి మీద సన్నగా చాలు.

అల్యూమినియం వదిలేస్తే మొదటి చలికాలంలోనే రోడ్ల మీద జల్లే ఉప్పుకు తెల్లగా పూస్తుంది, నెలనెలా రుద్దాలి. ఎపాక్సీ ప్రైమర్ వేసి పెయింటు చేయడం మేలు. గీకిన గంటలోపే ప్రైమర్ పడాలి, ఆలస్యమైతే పైన ఆక్సైడ్ పొర పేరుకుని పట్టు తగ్గుతుంది. మూతి, వింగులు (చక్రాల మీది మడ్‌గార్డులు) రంగు జెల్ కోట్‌తో వస్తున్నాయి కదా అని వదిలేయకండి. జెల్ కోట్ ఒకలా వెలుస్తుంది, పెయింటు ఇంకోలా వెలుస్తుంది. అన్నిటికీ ఒకేరోజు రంగు వేయించండి. వెనక వింగుల ముందుభాగానికి ముందు చక్రాల రాళ్లు తగులుతాయి, అక్కడ స్టీలు రేకో పారదర్శక ఫిల్మో తప్పనిసరి. ఇక సీట్లు: ఈ కారులోకి ఎక్కాలంటే బూటు సీటు మీద పెట్టి దిగాలి. లేత లెదర్ ఆలోచన మానుకోండి.

ప్రశ్న: (మెల్‌బోర్న్) పోర్షే స్పీడ్‌స్టర్ తరహా కారుకు వెండిరంగు, లోపల ఎండుమిరప ఎరుపు. రంగు కార్డులో ఒకలా, డబ్బాలో ఒకలా కనిపిస్తోంది.

జవాబు: జోడీ అద్భుతం, మార్చకండి. కార్డు చూసి వెండిరంగు ఎంచుకోవడం కుదరదు. వంపున్న పాత ఫెండర్ ముక్క మీద, కారు మీద వేసే ప్రైమర్‌తోనే, క్లియర్‌తో సహా కొట్టించి, ఎండలోనూ నీడలోనూ మీ లెదర్ ముక్క పక్కన పెట్టి చూడండి. మెరుపు రేణువులు సన్నగా ఉండాలి. ఇప్పటి కార్ల ముత్యపు మెరుపు 1950ల ఆకారం మీద అతకదు. తలుపులు, బానెట్ విడివిడిగా నేలమీద పడుకోబెట్టి కొట్టకండి. రేణువులు వాలే తీరు మారి, బిగించాక ఒక్కో భాగం ఒక్కో వెండిలా ఉంటుంది. కారు మీద ఉండే భంగిమలోనే, ఒకే పూట కొట్టాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇలాంటి కిట్ కారు కట్టి రోడ్డెక్కించొచ్చా?

జవాబు: కష్టం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వ నియమం ప్రకారం నమూనా వాహనం పుణెలోని ఏఆర్ఏఐ (వాహనాల పరిశోధన సంస్థ) వంటి సంస్థల పరీక్ష నెగ్గాలి. ఇంట్లో కట్టిన ఒక్క కారుకు అది భరించలేని ఖర్చు. పాత కారునే బాగుచేసి రంగు మారుస్తుంటే, పైన చెప్పిన లెదర్, మెట్టు, మెరుపు సూత్రాలన్నీ వర్తిస్తాయి. పెయింటుకు ఇచ్చేముందే ఆర్టీఏలో రంగు మార్పుకు దరఖాస్తు పెట్టి, ఆర్సీలో కొత్త రంగు ఎక్కించుకోండి.